నంది కొండల నీడలో రిటైర్మెంట్: బెంగళూరు చుట్టూ ఫామ్ ప్లాట్ కొంటే చేతికొచ్చేది ఏమిటి?

దేవనహళ్లి దాటి హైదరాబాదు హైవే మీద చిక్కబళ్లాపురం వైపు వెళ్తుంటే హోర్డింగులన్నీ ఒకే పాట పాడుతుంటాయి. కొండ, చెరువు, పావు ఎకరం, ఎయిర్‌పోర్టుకు అరగంట. హెచ్‌ఏఎల్, బీఈఎల్, ఐటీఐ లాంటి ప్రభుత్వ సంస్థల ఉద్యోగాలకొచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లు ఎప్పుడో రిటైరయ్యారు. తొంభైల్లో సాఫ్ట్‌వేర్ కోసం వచ్చిన తరం ఇప్పుడు అరవైకి దగ్గరపడుతోంది. పిల్లలు అమెరికాలో, సొంతూళ్లో పొలం ఏనాడో అమ్మేశారు, మారతహళ్లి ఫ్లాట్‌లో కిటికీ తెరిస్తే హారన్ల మోత. నెల్లూరికో గుంటూరుకో తిరిగి వెళ్దామంటే ఇన్నేళ్లూ బెంగళూరు చల్లదనానికి అలవాటుపడిన ఒళ్లు ఒప్పుకోదు. అందుకే నగరానికి గంటన్నర దూరంలో పల్లె అనే ఆలోచన ఇంత మందిని పట్టుకుంది.

ఆలోచనలో తప్పు లేదు. చిక్కు ఎక్కడంటే, ఆ హోర్డింగు మీద ఒకే వస్తువుగా కనిపించేది నిజానికి మూడు వస్తువులు.

## ఒక ప్రకటన, మూడు వస్తువులు

మొదటిది వ్యవసాయ భూమి. సాగుభూమి రికార్డైన పహాణీలో మీ పేరు ఎక్కుతుంది, సాగు చేసుకోవచ్చు, ఇల్లు కట్టడానికి పరిమితులుంటాయి. రెండోది కన్వర్షన్ అయిన (సాగు నుంచి ఇళ్ల వాడకానికి ప్రభుత్వ అనుమతితో మార్చిన), లేఅవుట్ అనుమతి ఉన్న ఇంటిస్థలం. ఇది పల్లెలో ఉన్నా చట్టం దృష్టిలో నగరంలోని సైటు లాంటిదే. మూడోది సీనియర్ లివింగ్, అంటే ఇంటితో పాటు వంట, నర్సు, అంబులెన్సు, చేయి పట్టుకునే మనిషి. ఇక్కడ మీరు గోడల కంటే ఎక్కువగా సేవను కొంటున్నారు.

ఈ మధ్య జోరుగా అమ్ముడవుతున్న ‘మేనేజ్డ్ ఫార్మ్‌ల్యాండ్’ మొదటి రకానికి చెందింది. కంపెనీ పెద్ద కమతం తీసుకుని, కంచె వేసి, మామిడి, శ్రీగంధం, అవకాడో నాటి, ముక్కలుగా అమ్ముతుంది. నెలవారీ రుసుము తీసుకుని తోట చూసుకుంటుంది. రెండో రకానికి స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా రక్షణ ఉంటుంది: 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ అయితే ప్రాజెక్టు నమోదు చేయాలి, కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. వ్యవసాయ భూమిగానే అమ్మినప్పుడు సాధారణంగా ఈ గొడుగు ఉండదు. ‘పంట ఆదాయంలో వాటా, ఏటా ఇంత శాతం’ అని మాట ఇస్తే వ్యవహారం పెట్టుబడి మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పరిధిలోకి కూడా వెళ్లొచ్చు. నలుగురి డబ్బు పోగేసి, వాళ్ల చేతిలో రోజువారీ అజమాయిషీ లేకుండా నడిపే లాభాల పథకాన్ని సామూహిక పెట్టుబడి పథకం అంటారు. తొంభైల్లో టేకు మొక్కల కంపెనీలు ముంచిన తర్వాతే, 1999లో సెబీ దీనికి నిబంధనలు తెచ్చింది. టేకు సర్టిఫికెట్లు బీరువాలో దాచుకున్న ఇళ్లు మన తెలుగు రాష్ట్రాల్లో ఇంకా ఉన్నాయి.

## పావు ఎకరంలో ఎంత ఇల్లు?

ముందు కొలతలు. కర్ణాటకలో ఎకరానికి 40 గుంటలు, ఆంధ్రాలో 100 సెంట్లు. గుంట అంటే 1,089 చదరపు అడుగులు, సెంటు 435.6. పావు ఎకరం అంటే 10 గుంటలు, లేదా 25 సెంట్లు, 10,890 చదరపు అడుగులు. రాయచోటి బంధువుతో ఫోన్లో ‘పది కొన్నాం’ అంటే ఆయన పది సెంట్లనుకుంటాడు. అసలుకు అది రెండున్నర రెట్లు.

2020 దాకా కర్ణాటకలో వ్యవసాయ భూమి కొనాలంటే రైతో, రైతు కుటుంబమో అయ్యుండాలి. వ్యవసాయేతర ఆదాయం ఏటా 25 లక్షలు దాటకూడదు. భూసంస్కరణల చట్టంలోని 79ఏ, 79బీ సెక్షన్లు ఈ అడ్డుకట్టలు. ఆ ఏడాది సవరణతో రెండూ పోయాయి. ఉద్యోగి, వ్యాపారి ఎవరైనా కొనొచ్చు. ఫామ్ ప్లాట్ల వరదకు గేటు తెరిచింది ఇదే. రైతు సంఘాలు అప్పుడు గట్టిగా వ్యతిరేకించాయి: చిన్న రైతు అమ్ముకోవడం సులువవుతుంది, మళ్లీ కొనుక్కోవడం ఎన్నటికీ కాదు అని. అమ్ముకునే హక్కు రైతుకే ఎందుకు ఉండకూడదు అన్నది ప్రభుత్వ వాదన. రెండిట్లోనూ నిజం ఉంది. చిక్కబళ్లాపురం పల్లెల్లో ఇప్పుడు కొందరు తమ పాత పొలంలోనే తోటమాలులు.

కొనడం సులువైంది కానీ కట్టడం కాలేదు. కర్ణాటక భూ రెవెన్యూ చట్టం 95వ సెక్షన్ ప్రకారం కన్వర్షన్ లేని వ్యవసాయ భూమిలో ఫామ్‌హౌస్ విస్తీర్ణం కమతంలో 10 శాతం దాటకూడదు. అది సొంత వాడకానికే, వ్యాపారానికి అద్దెకివ్వకూడదు. మన పది గుంటల ప్లాటుకు ఇది ఒక గుంట, అంటే 1,089 చదరపు అడుగులు. ఇద్దరికి చక్కగా సరిపోయే ఇల్లే. కాకపోతే ‘మీరు లేనప్పుడు హోమ్‌స్టేకి ఇస్తాం, అద్దె మీ ఖాతాలో పడుతుంది’ అని సేల్స్ కుర్రాడు చెప్పే మాట ఈ నిబంధనకు అడ్డం తగులుతుంది.

కన్వర్షన్ చేయించుకుంటే ఈ పరిమితి పోతుంది. దానికి సాధారణంగా జిల్లా డెప్యూటీ కమిషనర్ ఉత్తర్వు కావాలి, ఆ భూమి మాస్టర్ ప్లాన్‌లో గ్రీన్ బెల్ట్ కింద ఉండకూడదు. దేవనహళ్లి చుట్టుపక్కల అయితే ఎయిర్‌పోర్టు ప్రాంత ప్రణాళికా సంస్థ బియాపా చెప్పిందే వేదం. అన్నీ సవ్యంగా ఉన్న ఆస్తికి పంచాయతీ ఈ-స్వత్తు అనే ఆన్లైన్ ఆస్తి రికార్డుల వ్యవస్థ నుంచి ఫారం 9, 11ఏ ఇస్తుంది. ఫారం 11బీ ఉంటే ఆస్తి లెక్కలోకి వచ్చిందనే అర్థం, సక్రమమైందని కాదు. నగరంలో బీ ఖాతాతో (అనుమతుల్లో లోపాలున్న ఆస్తుల నమోదు) తంటాలు పడ్డవాళ్లకు ఈ తేడా ఇట్టే అర్థమవుతుంది.

మరో మెలిక అవిభాజ్య వాటా. 5 ఎకరాల సర్వే నంబరును 20 మందికి పావు ఎకరం చొప్పున అమ్మారనుకుందాం. ఒక్కో ముక్కకూ సర్వే శాఖతో 11ఈ స్కెచ్ అనే హద్దుల పటం గీయించి, హద్దులతో రిజిస్టర్ చేస్తే మీ భూమి ఫలానా అని చూపించొచ్చు. అలా కాకుండా ‘5 ఎకరాల్లో ఇరవయ్యో వంతు’ అని రాస్తే కాగితం మీద మీరు పందొమ్మిది మందితో ఉమ్మడి యజమాని. కంపెనీ చూపించిన మామిడి చెట్టు మీదేనని ఆ పత్రం చెప్పదు. పదేళ్ల తర్వాత అమ్మబోతే కొత్త కొనుగోలుదారు ముందు అడిగేది దీని గురించే.

## అన్ని పత్రాలూ ఉన్నా వెనక్కి పోయే భూమి

అన్నిటికంటే తక్కువగా మాట్లాడేది, ఎక్కువగా దెబ్బతీసేది ఈ విషయం. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ప్రభుత్వం మంజూరు చేసిన భూములను అనుమతి లేకుండా అమ్మడాన్ని కర్ణాటక 1978 చట్టం నిషేధించింది. దాన్ని పీటీసీఎల్ చట్టం అంటారు. అలాంటి అమ్మకం చెల్లదు, భూమి మొదటి కుటుంబానికి తిరిగి వెళ్తుంది. ఎన్నేళ్ల తర్వాతైనా అడగొచ్చా? సహేతుకమైన కాలంలోనే అడగాలని 2017లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2023లో రాష్ట్రం చట్టాన్ని సవరించి కాలపరిమితి లేదని స్పష్టం చేసింది.

ఉదాహరణకు 1980లో మంజూరైన రెండెకరాలు 1995లో అనుమతి లేకుండా ఒకరికి, 2010లో మరొకరికి, 2022లో ఫామ్ కంపెనీకి అమ్ముడయ్యాయనుకుందాం. మీ పేరిట 2025లో రిజిస్టరైంది. గత 13 ఏళ్ల ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీస్తే 2010 లావాదేవీ కూడా కనిపించదు, అంతా శుభ్రం. మొదటి మంజూరు పత్రం దాకా వెనక్కి వెళ్తేనే గుట్టు బయటపడుతుంది. పేదవాడి చేతి నుంచి భూమి జారిపోకుండా చేసిన చట్టం ఇది, దాని న్యాయం దానికుంది. ఈ గొలుసు చివర ఏమీ తెలియకుండా నిలబడేది మాత్రం పీఎఫ్ డబ్బు పెట్టిన రిటైర్డ్ దంపతులు.

## సరిహద్దు అవతల: హిందూపురం, కుప్పం, మదనపల్లె

కర్ణాటక ధరలు చూసి చాలామంది చూపు ఆంధ్రా వైపు మళ్లుతుంది. హిందూపురం బెంగళూరుకు సుమారు 110 కిలోమీటర్లు, గౌరిబిదనూరు మీదుగా రైలుంది. కుప్పానికీ బంగారుపేట మీదుగా రైలుంది. మదనపల్లెకు హార్స్‌లీ హిల్స్ చేరువ. భాష మనది, పత్రాలూ తెలుగులోనే. ఇది చిన్న విషయం కాదు. బాగేపల్లి, ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో వీధిలో వినిపించేది తెలుగే అయినా పహాణీ, మ్యుటేషన్ (పేరు మార్పు) నోటీసు కన్నడంలో ఉంటాయి. నలభై ఏళ్లు బెంగళూరులో ఉండి కూడా కన్నడం చదవడం రానివాళ్లు మనలో కొల్లలు.

ఆంధ్రాలో వ్యవసాయ భూమి కొనడానికి రైతే అయ్యుండాలన్న నిబంధన లేదు. తమిళనాడు వైపు హోసూరు, డెంకణికోటలోనూ అంతే. అయితే ఆంధ్రాలో పీటీసీఎల్‌కు జంట ఉంది: 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం. ప్రభుత్వం పేదలకు పంచిన డి-పట్టా భూములు, పాత రికార్డులో యజమాని పేరున్న చోట చుక్కలు మాత్రమే ఉన్న ‘చుక్కల భూములు’, రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో ఉన్న సర్వే నంబర్లు, ఇవన్నీ రాయలసీమలో ఎక్కువే. 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూమిని మొదట పొందినవారు అమ్ముకోవచ్చని 2023లో సవరణ వచ్చింది. ప్రభుత్వం మారాక అలా విముక్తి పొందిన భూముల మీద విచారణలు మొదలయ్యాయి. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి రెవెన్యూ దస్త్రాలు కాలిపోయినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది అందుకే.

వాతావరణం సంగతీ ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన, హిందూపురం 620 మీటర్ల చుట్టుపక్కల. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల లెక్కన ఎత్తు తేడా ఒక్కటే రెండు డిగ్రీల దాకా వేడి పెంచుతుంది. ఏప్రిల్లో ఆ రెండు డిగ్రీలే ఏసీ కొనిపిస్తాయి.

## పెన్న పుట్టిన చోట నీళ్లు లేవు

నెల్లూరు దాకా పారే పెన్న నంది కొండల్లోనే పుడుతుంది. అర్కావతి, పాలారు పుట్టేదీ ఈ చుట్టుపక్కలే. అయినా చిక్కబళ్లాపురం, కోలారు జిల్లాల్లో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. భూగర్భజలాలను నిండే దానికంటే ఎక్కువ తోడేస్తున్న ప్రాంతాల్లో ఈ రెండు జిల్లాలూ ముందువరసలో ఉంటాయి. వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఇక్కడ మామూలు. అంత లోతు నీటిలో ఫ్లోరైడ్ బెడద ఉంటుంది.

దీనికి ప్రభుత్వం వెతికిన మార్గం బెంగళూరు మురుగు. కోరమంగల-చల్లఘట్ట లోయ నుంచి రోజుకు 44 కోట్ల లీటర్ల శుద్ధి చేసిన నీటిని కోలారు చెరువులకు పంపే కేసీ వ్యాలీ పథకం 2018లో మొదలైంది. హెబ్బాళ-నాగవార లోయ నుంచి 21 కోట్ల లీటర్లు చిక్కబళ్లాపురం, బెంగళూరు గ్రామీణ ప్రాంతాల చెరువులకు వెళ్తాయి. ఎండిన చెరువులు నిండాయి, బావుల్లో ఊట పెరిగింది అన్నది ఒక పక్షం. రెండు దశల శుద్ధి చాలదు, మూడో దశ లేకుండా భూమిలోకి ఇంకితే రేపటి తాగునీటికే ముప్పు అన్నది ఇంకో పక్షం. ఈ గొడవ కోర్టుల దాకా వెళ్లింది. ‘లేక్ వ్యూ’ ప్లాటు ముందున్న చెరువు ఏ నీటితో నిండిందో బ్రోచర్‌లో ఉండదు.

పడమటి కనుమల నుంచి నీళ్లు తెచ్చే ఎత్తినహొళె తొలి దశ 2024 సెప్టెంబరులో మొదలైంది, ఈ తూర్పు జిల్లాలకు చేరడం ఇంకా మిగిలే ఉంది. ఆంధ్రా వైపు హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు 2025 ఆగస్టులో కుప్పం చేరాయి. అంతకుముందే, 2024 అక్టోబరులో, బెంగళూరు శివార్లలోని 110 పల్లెలకు కావేరి ఐదో దశ నీళ్లు వచ్చాయి. విచిత్రం ఏమిటంటే, 2024 ఎండాకాలం ట్యాంకర్ల కష్టం చూసి నగరం వదిలి వెళ్లే మనిషి, నదీజలాల పైపు ఉన్న చోటు నుంచి బోరు ఒక్కటే దిక్కైన చోటుకు వెళ్తున్నట్టు లెక్క.

మేనేజ్డ్ ఫామ్‌లో వంద ప్లాట్లకు రెండు మూడు ఉమ్మడి బోర్లుంటాయి. మామిడి, శ్రీగంధం తక్కువ నీటితో బతుకుతాయి. పచ్చిక, ఈత కొలను, వంద ఇళ్ల స్నానాలు బతకవు. ఫామ్ నిండా ఇళ్లు వచ్చాక నీళ్లు ఎలా అన్నదానికి జవాబు ఇప్పటి నీటి ధారను చూస్తే దొరకదు.

## ఫ్లాట్ అమ్మి వెళ్తే పన్ను లెక్క

దంపతులు 40 లక్షలకు కొన్న ఫ్లాటును 1 కోటి 20 లక్షలకు అమ్మారనుకుందాం. లాభం 80 లక్షలు. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం చొప్పున 10 లక్షలు, 4 శాతం సెస్సుతో, సర్‌చార్జీ కలపకుండా, 10 లక్షల 40 వేలు. 2024 జూలై 23కు ముందు కొన్నదైతే ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి) 20 శాతం పద్ధతిలో లెక్కగట్టి, ఏది తక్కువైతే అది కట్టే వీలుంది. లాభాన్ని మరో నివాస గృహంలో పెడితే పన్ను తప్పుతుంది. అందరికీ తెలిసిన ఆ వెసులుబాటు ఇంటికే తప్ప ఖాళీ భూమికి కాదు. రెండేళ్లలో కట్టిన ఇల్లు కొనాలి, లేదా మూడేళ్లలో కట్టి పూర్తి చేయాలి. ఫామ్ ప్లాటు కొని, ‘రోడ్డు పడ్డాక కడదాం’ అని నాలుగేళ్లు ఆగితే ఆ పది లక్షలు కట్టాల్సిందే.

వ్యవసాయ భూమికి తనదైన లాభమూ ఉంది. పట్టణ పరిధికి తగినంత దూరంలో ఉన్న సాగుభూమిని అమ్మితే మూలధన లాభాల పన్నే ఉండదు. జనాభాను బట్టి ఆ దూరం 2, 6 లేదా 8 కిలోమీటర్లు. కాకపోతే డబ్బు అవసరమైనప్పుడు అది కదలదు. బ్యాంకులు దాని మీద హోమ్ లోన్ ఇవ్వవు. అరవై దాటినవాళ్లకు నెలనెలా డబ్బిచ్చే రివర్స్ మార్ట్‌గేజ్ సొంత నివాస గృహానికే వర్తిస్తుంది. నగరంలో సొంత ఫ్లాటులో ఉంటున్నంత కాలం ఈ తలుపు తెరిచే ఉంటుంది.

## అరవైలో గంటన్నర, డెబ్బై ఎనిమిదిలో ఎంత?

నన్నడిగితే అసలు ప్రశ్న ఇది. దూరాన్ని అందరూ కొనే రోజు వయసుతో కొలుస్తున్నారు. లైసెన్సు 55 దాటాక ఐదేళ్లకోసారి రెన్యూ చేయించుకోవాలి. శుక్లాలు వచ్చాక హైవే మీద ఎదురు లైట్లు కళ్లు చెదరగొడతాయి. అప్పటిదాకా గంటన్నర అనిపించినది డ్రైవర్ దొరికితే గంటన్నర, లేకపోతే రేపు.

గుండెపోటులో మూసుకున్న రక్తనాళాన్ని స్టెంటుతో తెరవడానికి 120 నిమిషాలు గీటురాయి. అంతలో చేరలేకపోతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ముందు ఇస్తారు. కర్ణాటక ప్రభుత్వం పునీత్ రాజ్‌కుమార్ పేరిట పెట్టిన హృదయ జ్యోతి పథకంలో తాలూకా ఆసుపత్రిలో ఈసీజీ తీసి, పెద్దాసుపత్రి నిపుణులకు పంపి, ఈ ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తారు. పక్షవాతంలో గడ్డ కరిగించే మందుకు నాలుగున్నర గంటల గడువు ఉంటుంది, దానికి ముందు సీటీ స్కాన్ తప్పనిసరి. కాబట్టి బెంగళూరు ఎంత దూరం అన్న ప్రశ్న సగమే. అర్ధరాత్రి సీటీ స్కాన్ తీసే చోటు ఎంత దూరం అన్నది మిగతా సగం. ఈ లెక్కన కోలారు శివారు కొన్నిసార్లు కనకపురం అడవి అంచున ఉన్న అందమైన ఫామ్ కంటే మెరుగు. కోలారు దగ్గరి టమకలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. పుట్టపర్తిలో 1991 నుంచి ఉచితంగా నడుస్తున్న సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉండటం హిందూపురం వైపువాళ్లకు బలమే, గుండె ఆపరేషన్ లాంటి ముందే తేదీ అనుకున్న చికిత్సలకు మరీను.

ఇవన్నీ భయపెట్టే మాటలని పల్లెకు వెళ్లినవాళ్లు అంటారు. వాళ్ల వాదన తేలిగ్గా తీసేసేది కాదు. పొద్దున్నే మట్టిలో పని, తక్కువ పొగ, పలకరించే పొరుగు, వారానికో సంత, ఇవే కదా మందులకంటే ఆయుష్షు పెంచేవి అంటారు. నగరంలో మాత్రం పదకొండో అంతస్తులో ఒంటరిగా పడిపోయినవాళ్లు లేరా అని అడుగుతారు. నిజమే. అయితే వాళ్లు చెప్పే పల్లె, జనం ఏడాది పొడవునా ఉండే పల్లె. మేనేజ్డ్ ఫామ్‌లో ఎక్కువమంది శని, ఆదివారాలకు వచ్చేవాళ్లు. మంగళవారం సాయంత్రం అక్కడ ఉండేది వాచ్‌మన్, కుక్క, మీరు.

అందుకే కొందరు మధ్యదారి పడుతున్నారు: ఊళ్లోనే, అంటే గ్రామఠాణా (ఊరి ఇళ్లున్న స్థలం) పరిధిలోనో, చిక్కబళ్లాపురం, హిందూపురం లాంటి చిన్న పట్టణంలోనో అద్దెకుండి, ఫ్లాటు అమ్మకుండా దాని అద్దెతో గడపడం. కొండ కిటికీలోంచి కనిపించదు, ఆటోలో పది నిమిషాలు. సీనియర్ లివింగ్ వైపు వెళ్లేవాళ్లకు అడ్డంకి వేరు. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో కొనేవారు, బిల్డరు, సేవలందించే సంస్థ ముగ్గురూ సంతకం చేసే ఒప్పందం ఉంటుంది. అది నమూనాయే, రాష్ట్రం తన నిబంధనగా చేసుకుంటే తప్ప కట్టడి చేయదు. బిల్డరు వెళ్లిపోయాక నర్సు జీతం ఎవరిస్తారన్నది ఆ ముగ్గురి సంతకం మీదే ఆధారపడుతుంది.

## ఆ తర్వాత ఎవరికి?

ఇంకొక ముడి మిగిలింది, అది పిల్లల పాస్‌పోర్టుతో ముడిపడ్డది. ఎన్ఆర్ఐలు, ఓసీఐ కార్డున్నవాళ్లు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లు) మన దేశంలో ఫ్లాటు కొనొచ్చు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోట మాత్రం విదేశీ మారక చట్టం ఫెమా నిబంధనల ప్రకారం కొనలేరు. డల్లాస్‌లో ఉన్న కొడుకు పేరు కూడా కలిపి జంటగా రాయించుకుందాం అంటే కుదరదు. కొడుకు డబ్బు తల్లిదండ్రులకు బహుమతిగా ఇస్తే, వాళ్లు తమ పేరిట కొనుక్కోవచ్చు.

వారసత్వానికి ఈ అడ్డు లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న కూతురికి కూడా నాన్న పేరిట ఉన్న పది గుంటలు వస్తాయి. ఆమె పౌతి ఖాతా (యజమాని చనిపోయాక వారసుల పేరిట మార్పు) చేయించుకుని పహాణీలో తన పేరు ఎక్కించుకోవచ్చు. అమ్మాల్సి వస్తే మాత్రం ఇండియాలో ఉంటున్న భారత పౌరుడికే అమ్మాలి. అంటే పక్క ప్లాటు వారసుడు న్యూజెర్సీలో ఉండి, రెండూ కలిపి తనే కొనుక్కుంటానన్నా ఆమె అతనికి అమ్మలేదు.